ఎదసూది

మల్లాపూర్ చుట్టుపక్కల పది ఊళ్లలో లక్ష్మీరాజం చెయ్యి పడని బర్రె లేదు. చదివింది పదో తరగతి, ఉద్యోగం పశువుల దవాఖానలో కంపౌండర్, జనం పిలిచేది మాత్రం డాక్టర్ సాబు. మోచేతి దాకా నూనె రాసుకుని బర్రె లోపల తడిమి, దూడ రెండు నెలలదో మూడు నెలలదో ఇట్టే చెప్పేవాడు. జీవితంలో ఒక్కసారే అతను పోల్చుకోలేకపోయాడు. అది బర్రె విషయంలో కాదు.

అతని పేరు మోగడానికి కారణం ఎదసూది. ఎనభైల చివర, ఊళ్లలో పోలీసు క్యాంపులూ అడవుల్లో నక్సలైట్ అన్నలూ ఉన్న రోజుల్లో, ఆ మందు చిన్న గాజు సీసాల్లో వచ్చింది. ఒంట్లో సహజంగా పుట్టే ఒక రసాయనానికి మనిషి తయారుచేసిన నకలు అది. గర్భసంచిలోనూ అండాశయంలోనూ ఆ రసాయనం కుదురుకునే చోట్లు ఉంటాయి. నకలు కూడా అక్కడే కుదురుకుని అసలుకంటే గట్టిగా పనిచేస్తుంది. అండాశయం మీద ఎదను ఆపి, కడుపును నిలిపి ఉంచే పసుపుముద్దను కరిగిస్తుంది, గర్భసంచిని పిండుతుంది. ఎదకు రాని బర్రె మూడో రోజుకల్లా అరుస్తుంది. చూడిబర్రెకు వేస్తే మాత్రం దూడ జారిపోతుంది. ఒంటి మీద పడినా లోపలికి ఇంకుతుంది, బర్రె తోలా మనిషి తోలా అని చూడదు.

అందుకే సీసా తీసేముందు ప్రతి కొట్టంలోనూ ఒకే మాట చెప్పేవాడు: “కడుపుతోటున్న ఆడోళ్లు, ఆయాసమున్నోళ్లు అవుతలికి పోండ్రి. దీని తడి తగుల్తే కడుపు నిలువది.”

ఊరంతటికీ చెప్పిన ఆ మాటను తన ఇంట్లో మాత్రం చెప్పలేదు. భార్య ఊర్మిలకు పెళ్లయి పదకొండేళ్లు, పిల్లల్లేరు. లేనిదాని ముందు కడుపు మాట ఎత్తడం దేనికని ఊరుకున్నాడు. పైకి దయలాగే ఉంటుంది. నిజానికి ఈమెకు ఇక ఎన్నటికీ కాదని తీర్పు ఇచ్చేయడమే. తల్లి బుచ్చవ్వ ఆపాటి మర్యాద కూడా పాటించలేదు. “ఊళ్లె గొడ్డుబర్లన్నిటికి సూదేస్తవు కొడుకా, నీ ఇంట్లదానికి లేదా సూది?” అని కోడలు వింటుండగానే అనేది. లక్ష్మీరాజం నవ్వేవాడు. ఆ నవ్వుకు క్షమాపణ లేదు.

ఆ ఏడు ఊర్మిలకు నెల తప్పింది. వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకుంది. గుడి చుట్టూ కోడెను తిప్పి కట్టేదాకా కడుపు సంగతి మొగుడికి కూడా చెప్పొద్దని పుట్టింట్లో ఆమె తల్లి పెట్టిన కట్టడి. పదకొండేళ్లు మాటలు పడ్డ ప్రాణం, దిష్టికి భయపడదా మరి? అత్తకు అనుమానం రాకుండా రెండు నెలలూ బయట కూర్చున్నట్టే మూడేసి రోజులు కూర్చుంది. మూడో నెల పడగానే మొగుడితో, “సోమారం యేములాడ పోదాం” అంది. సరే అన్నాడు.

ఆదివారం పొద్దున పోలీసులు ఊరిని చుట్టుముట్టారు. వారం కింద పక్క ఊళ్లో ఒకతని ఇంట్లో సూదులు దొరికితే, అన్నలకు వైద్యం చేస్తున్నావని వేళ్లు విరగ్గొట్టారు. లక్ష్మీరాజం ఇంట్లో ఎదసూది సీసాలు రెండు ఉన్నాయి. బర్రెల మందంటే వినేదెవరు? బూట్ల చప్పుడు వాకిట్లోకి వచ్చేసరికి సీసాలను గుడ్డలో చుట్టి, తన చేత్తోనే ఊర్మిల నడుముకు దోపాడు.

“కొంగు కప్పుకో. కదలకు.”

ఆమె కదల్లేదు. ఇల్లంతా తిరగేసిన పోలీసొకడు, దారికి అడ్డమని తుపాకీ మడమతో ఆమె నడుం మీద పొడిచి పక్కకు నెట్టాడు. సీసాలు పగిలాయి. గాజు గుచ్చుకున్నా ఆమె అరవలేదు. అరిస్తే మొగుడి వేళ్లు పోతాయి. ఇంటివాళ్లందరినీ రెండు గంటలు ఎండలో నిలబెట్టారు. ఆమె చీర మీద అరచేయంత తడి పాకడం లక్ష్మీరాజం చూశాడు. అంత మంచి మందు పాడైపోయిందే అనుకున్నాడు. పోలీసులు వెళ్లాక “పోయి కడుక్కో” అన్నాడు, అంతే.

సాయంత్రానికి ఆమెకు పొత్తికడుపులో పట్టుకుంది. రేపు వేములవాడ పోవాల్సిందేనని పంటి బిగువున ఓర్చుకుంది. సోమవారం తెల్లారి కోరుట్ల బస్టాండులో నిలబడ్డప్పుడు, కాళ్ల వెంట నెత్తురు కారి చెప్పులు తడిశాయి. అతని భుజం పట్టుకుని, “కోడె కట్టినంక చెప్దామనుకున్న. మూడో నెల,” అంది.

కడుపు ఎందుకు పోయిందో తెలిసిన మనిషి అతనొక్కడే. ఇంటికొచ్చాక బుచ్చవ్వ, “మొన్ననే బయట కూసున్నది గదా, కడుపెట్ల ఉంటది! దొంగ కడుపు. మనిషికి సిగ్గుండాలె,” అని వాడంతా చాటింది. లక్ష్మీరాజం తల వంచుకుని అన్నం తిన్నాడు. నిజం చెబితే తన చెయ్యి బయటపడుతుంది. తప్పు చేసినవాడికంటే, ఆ తప్పును పెళ్లాం మీద పడనిచ్చినవాడు నీచుడు. ఊరు మాత్రం అతన్ని దేవుడనే అంది.

ఆరు నెలల తర్వాత పక్కింటి కొమురవ్వ బర్రెకు సూది వేయడానికి వెళ్లాడు. ఊర్మిల అక్కడే గోడ పక్కన నిలబడి ఉంది. అతను సీసా తీయగానే కొమురవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. “ఆగు లక్ష్మీరాజం, నా కోడలు నెల తప్పింది, అవుతలికి పంపుత. దీని తడి తగుల్తే కడుపు నిలువదని ఎప్పుడు చెప్తవు గదా.”

ఊర్మిల చెయ్యి నడుము మీది గాటు మీదికి పోయింది. ఇల్లు చేరగానే మొగుణ్ని నిలదీసింది.

“ఊరందరికి చెప్తవట. నాకెందుకు చెప్పలె?”

“నీకు అక్కెర లేదనుకున్న.”

అరుగు మీద బుచ్చవ్వ బియ్యం చెరుగుతోంది. ఊర్మిల ఆమె ముందుకు పోయి నిలబడి, వాడకు వినబడేలా అంది:

“అత్తా, ఎప్పుడు అడుగుతుంటివి గదా. నీ కొడుకు నాకు గూడ ఏసిండు సూది. మంచిగ పనిచేసింది.”