మూత వేసిన గుళికల పెట్టె

ఉల్లిపాయ తరిగినప్పుడల్లా నాకు సన్యాసిరావుగారు గుర్తొస్తారు. ఆయన్ని తలచుకుని ఏడుస్తున్నానని మా ఆవిడ పైడమ్మ అనుకుంటుంది, నేనూ కాదనను. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో మా వరసలోనే ఆయన క్వార్టరు. రైల్వే ఆఫీసులో గుమస్తా. ఆదివారం పొద్దున్న మాత్రం వరండాలో చెక్కపెట్టె తెరిచి హోమియోపతి గుళికలిచ్చేవారు. ఏడో తరగతిలో బడి వదిలేసి వర్క్‌షాపులో ఫిట్టరుగా కుదిరిన నాకు ఆ వైద్యం ఉల్లిపాయతోనే బోధించారు. ఇది కోస్తే బాగున్నవాడికీ కళ్లూ ముక్కూ కారతాయి కదా, అలాగే కారే పడిశానికి దీన్నే మందు చేసి ఇస్తామన్నారు. ఆసుపత్రి డాక్టరు జ్వరానికి ఎదురుమందు ఇస్తాడట. ఈయన జ్వరం లాంటిదే ఇచ్చి ఒంటిని లేపుతారట. పైగా ఆ మందును ఎంత పలచన చేసి, మెట్టుమెట్టుకీ ఎంత కుదిపితే అంత బలమట.

"అయితే కాసై నదిలో ఓ సుక్క ఏసేయండి బాబూ, ఊరంతా బాగుపడిపోద్ది" అన్నాను.

"ఏస్తాన్రా. నదిని నువ్వు కుదుపుతావేటి?" అన్నారు తలెత్తకుండానే.

ఒకసారి పైడమ్మ ఆయనిచ్చిన గుళికలను భక్తిగా దేవుడి అలమరలో, హారతి కర్పూరం పక్కన పెట్టింది. కర్పూరం వాసనకి మందు చచ్చిపోతుందని ఆయన లబలబలాడారు. దేవుడికీ మీ మందుకీ పడదన్నమాట అని నేను ఊరంతా చెప్పుకు తిరిగాను. ఆయన ప్రశ్నలూ నాకు నవ్వులాటే. ఎటు తిరిగి పడుకుంటావు, దాహమెంత, ఉరుముకి భయమా? ఒకే దగ్గుతో వచ్చిన ఇద్దరికి చెరో మందు ఇచ్చేవారు. పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇన్ని అడగలేదన్నాను.

ఒక వానాకాలం పైడమ్మకి కడుపునొప్పి వచ్చింది. ముందురోజు తిన్న పనసకాయ కూర పగ తీర్చుకుంటోందని నేను హాస్యమాడాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాటికి లేవలేకపోయింది. ఆసుపత్రిలో కోస్తారని ఇద్దరికీ భయం. రిక్షాలో కూర్చోబెట్టి సన్యాసిరావుగారి వరండాకే తీసుకెళ్లాను. ఆయన ఆమెను అడిగినదానికల్లా నేను జవాబు చెబుతున్నాను.

"నిన్నడగలేదు. నువ్వు నోరుమూసుకో" అన్నారు. కుర్చీ పైడమ్మ వైపు తిప్పుకున్నారు.

అప్పుడు చెప్పింది పైడమ్మ, నాకు చెప్పనిదంతా. "ముందు బొడ్డు సుట్టూ ఉండీదండి. రాత్రి నుండి కుడేపు కిందికి దిగిపోనాది. ఆ కాలు సాపితే పేనం పోతన్నాది."

ఆయన పెట్టె మూత వేసేశారు.

"ఆసుపత్రికి పదండి" అన్నారు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "మీ పుస్తకంలో దీనికి మందు లేదేటండి?"

"ఉందిరా. ఇచ్చి, తగ్గుద్దేమోనని కూకుంటే మనిషి పోద్ది."

రిక్షా పక్కనే సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. ఆయనకీ డాక్టరుకీ గొడవవుతుందనుకున్నాను. ఆయన పైడమ్మ చెప్పినదంతా వరసగా అప్పజెప్పి పక్కకి తప్పుకున్నారు. డాక్టరు పొట్ట నొక్కి చూసి, ఆ పూటే ఆపరేషన్ చేశాడు. ఇంకొక్కరోజు ఆగితే పేగు పగిలిపోయేదట.

తర్వాత పడిశం పడితే పైడమ్మ మళ్లీ సన్యాసిరావుగారి దగ్గరికే వెళ్లింది. తగ్గించింది గుళికలో, పడిశం దానంతటదే పోయిందో నాకిప్పటికీ తెలియదు. తెలిసిందల్లా ఒకటే. ఆమె ఒంట్లో బాగులేదనగానే నాకు ఓ హాస్యం తోస్తుంది. అది ఆయన గుళికలా నాలుక కింద పెట్టుకుని, ఎటు తిరిగి పడుకుంటే హాయిగా ఉందే అని అడుగుతాను. ఆమె చెప్పడం పూర్తయ్యేసరికి అది కరిగిపోయి ఉంటుంది.