స్లైడులు పగలగొట్టే జ్ఞానదాసు

జ్ఞానదాసు గారి చేతిలో గాజు నిలవదు. పోర్టు దగ్గర ఆయన పనిచేసే చిన్న రక్తపరీక్షల ల్యాబుకి వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ముందు ఈ మాటే చెప్పేవారు. నెలకి రెండుసార్లైనా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "స్లైడు పగలగొట్టీసేనమ్మా, తప్పు నాదే, మళ్ళీ రండి," అనేవారు.

ఆ పేరు ఊరంతా పాకింది. కోడిగుడ్లమ్మే కాసులమ్మ ఆయన్ని చూడగానే బుట్ట మీద కొంగు కప్పేసేది. "ఆగండి బాబూ! ఎన్ని కావాలో అక్కణ్ణుంచే సెప్పండి!" చర్చిలో విందైతే అందరికీ గాజు గ్లాసు, ఆయనకి స్టీలు గ్లాసు. "ఉక్కు ఊరోణ్ణి కదేటి, నాకిదే మర్యాద!" అని పకపకా నవ్వేవారు.

ఆయన కింద పనిచేసే పుష్పకుమారికి మాత్రం నవ్వొచ్చేది కాదు. జనం తిట్లన్నీ తినేది ఆ పిల్లే మరి.

1984లో సబ్బవరం నుంచి అప్పలసూరి వచ్చాడు. ఉక్కు ఫ్యాక్టరీ కట్టే ఓ కాంట్రాక్టరు దగ్గర క్రేను పని దొరికింది. శుక్రవారంలోగా రక్తం రిపోర్టు ఇవ్వకపోతే పని ఇంకొకడికి పోతుంది. మొన్నటిదాకా జ్వరం, మెడ కింద ఇంకా గడ్డలు.

శుక్రవారం జ్ఞానదాసు గారు మైక్రోస్కోపు మీద గంటసేపు వంగి, డాక్టరు గారి గదిలోకి వెళ్ళొచ్చి కిటికీ తెరిచారు.

"సూరీ, స్లైడు పగిలిపోనాది. నెలాగి రా."

"నెలా! నా పని పోతాది బాబూ! అవి సేతులా, సమ్మెటలా?"

"సమ్మెటలే. మీ కాంట్రాక్టరుతో నాను మాట్లాడతాను."

అన్నట్టే సిటీ బస్సెక్కి వెళ్ళి, తప్పు తనదేనని రాసిచ్చి, చివాట్లు తిని, నెల గడువు తెచ్చారు.

ఆయన అటు వెళ్ళగానే మైక్రోస్కోపు తుడవబోయిన పుష్పకుమారి ఆగిపోయింది. స్లైడు అక్కడే ఉంది, బీట కూడా లేదు! కన్ను పెట్టి చూసింది. తెల్లకణాల్లో లింఫోసైట్లనే రకం సగానికి పైనే, అవీ పెద్దపెద్దవి. రక్త క్యాన్సరులో ఇలా ఉంటాయని చదువుకుంది.

ఆయన రాగానే నిలదీసింది. "అబద్ధం ఎందుకాడేరు సార్?"

"సరిగ్గా సూడు. క్యాన్సరైతే కణాలన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. ఇవి ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఇంకోటి వంకర. జ్వరంతో కొట్లాడినవే అనుకుంటన్నాం, నానూ డాక్టరు గారూ. అయినా నెల పోయేక మళ్ళీ సూస్తేగానీ తేలదు. ఈలోగా అనుమానమని సెప్తే ఆడు నిద్రపోతాడేటి? నన్ను తిట్టుకుంటే హాయిగా నిద్రపోతాడు."

"అంటే ఇన్నేళ్ళూ మీరు..."

"పగిలింది ఒక్కటేనమ్మా. అదీ నువ్వు పగలగొట్టిందే."

ఆ నెలంతా అప్పలసూరి బదులు పుష్పకుమారికి నిద్రలేదు. నెల తిరగ్గానే వాడు వచ్చి మళ్ళీ రక్తం ఇచ్చాడు. గడ్డలు పోయాయి. ఆమె వంద కణాలు లెక్కపెట్టింది, నమ్మకం చాలక మరో వంద. జ్ఞానదాసు గారు ఏకంగా ఐదొందలు. అన్నీ మామూలే!

"స్తోత్రం!" అని ఆయన పెట్టిన కేకకి బయట బెంచీ మీద ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. పుష్పకుమారి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

పనిలో చేరిన వారానికి అప్పలసూరి నెత్తిన హెల్మెట్టుతో, చేతిలో లడ్డూల పొట్లంతో దిగాడు. "బాబూ, ఏటనుకోకండి. మా వూరోళ్ళు ఎవరొచ్చినా రక్తం ఈ అమ్మాయి సేతికే ఇమ్మని సెప్తన్నాను. మీ సేతికి మాత్రం వద్దు."

"మంచి పని సేత్తన్నావు," అన్నారు జ్ఞానదాసు గారు, ముఖం వెలిగిపోతూ.

పుష్పకుమారి ఉండబట్టలేక నోరు తెరిచింది. ఆయన గబుక్కున ఓ లడ్డూ పెట్టి ఆ నోరు మూసేశారు.