ఆయ్ అనని ఆదివారం

నా చిన్నప్పుడు నా నోట్లోంచి అన్నిటికంటే ముందు బయటికొచ్చే మాట ‘ఆయ్’. మా కోనసీమ వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఔననడానికి, విన్నామనడానికి, మర్యాదకి, ఆఖరికి ఏమీ తోచనప్పుడు కూడా అదే మాట. అన్నం తిన్నావా అంటే ఆయ్. బడికెళ్తున్నావా అంటే ఆయ్. మీ అమ్మ కువైట్‌లో బాగుందా అంటే, ఆయ్, బాగుందండి. ఈ చివరిది రోజుకి పదిసార్లయినా అనేదాన్ని. అందులో కొన్నాళ్లపాటు అన్నదంతా అబద్ధం.

మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. నా తొమ్మిదో ఏట చెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ప్రాణం దక్కింది గానీ మనిషి మంచం దిగలేదు. ఆర్నెల్లు చూసి మా అమ్మ కువైట్ వెళ్లింది, ఒక ముసలావిణ్ణి కనిపెట్టుకుని ఉండే పనికి. మొగుణ్ణి మంచంలో వదిలేసి విమానం ఎక్కిందని వీధిలో కొందరు బుగ్గలు నొక్కుకున్నారు. ఆ నొక్కుకున్నవాళ్ల ఇళ్లలోనూ గల్ఫుకెళ్లినవాళ్లున్నారు, అది వేరే సంగతి. నాన్ననీ నన్నూ నాయనమ్మ చూసుకునేది. అమ్మ పంపితేనే నాన్నకి మందులు, మాకు బియ్యం. అది ఆగితే ఇంకో దారి లేదు.

అప్పట్లో మా వీధి మొత్తానికి ఫోనంటే కొబ్బరి షావుకారు గారి కొట్లో ఉన్నదే. ఏడాది తిరిగాక ఒక శుక్రవారం నాకు ఫోనొచ్చిందని కబురు పెడితే పరిగెత్తాను. అమ్మ గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. ఆ ముసలావిడ చనిపోయిందట. ఇంట్లోవాళ్లు నెల్లాళ్లు గడువిచ్చారట. ఈలోగా ఇంకో ఇల్లు చూసుకుంటే మారడానికి కాగితం రాసిస్తారు, లేదంటే టికెట్టు కొని వెనక్కి పంపేస్తారు. అన్నాళ్లూ ఆ ముసలావిణ్ణి ఒక్క పూట కూడా వదిలి వెళ్లే వీల్లేక, అమ్మకి ఆ దేశంలో తెలిసిన మొహం ఒక్కటీ లేదు. ఎవర్ని అడగాలో తెలీడం లేదే అని ఏడ్చింది. వెంటనే గొంతు సర్దుకుని, “నాన్నకి చెప్పకు. ఎవరికీ చెప్పకు. అడిగితే బావుందని చెప్పు,” అంది. అంతలో లైను పోయింది.

నేను మాట నిలబెట్టుకున్నాను. అదేదో గొప్ప అనుకునేదాన్ని కూడా. బడి నుంచి వస్తూ షావుకారు గారి కొట్టు దగ్గర ఏదో ఒక వంకతో నిలబడేదాన్ని, ఫోను మోగుతుందేమోనని. మోగేది గానీ నాకు కాదు. ఇంట్లో నాన్న మాత్రలు రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలెట్టాడు. నొప్పి తగ్గిందే అనేవాడు. నొప్పి తగ్గినవాడు దుప్పటి అంచు పళ్ల మధ్య పెట్టుకుని ఎందుకు పడుకుంటాడు? డబ్బా అడుక్కి వచ్చేసిందని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఒకరి మొహం ఒకరం చూసుకుని బాగున్నామనుకునేవాళ్లం. గుండెల్లో రాయి పెట్టుకుని తిరగడమంటే ఏమిటో నాకు పదేళ్లకే తెలిసింది.

మా వీధి చివర ఒక టీచరమ్మగారుండేవారు. ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయినా ఊళ్లో సగం మంది ఆవిడ చేత చెవి మెలి పెట్టించుకున్నవాళ్లే. అమ్మ ఫోనొచ్చిన ఎనిమిదో రోజు, శనివారం సాయంత్రం, వారంగా నేను ఫోను దగ్గర కాపు కాయడం చూసి కాబోలు, నన్ను కొట్టు దగ్గర పట్టుకుని ఇంటికి తీసుకెళ్లారు. బియ్యంలో రాళ్లేరుతూ, నా వైపు చూడకుండానే అడగడం మొదలెట్టారు. నాయనమ్మ బాగుందా? ఆయ్. లెక్కలు చేశావా? ఆయ్. మీ ఇంట్లో ఏనుగు ఈనిందటగా? ఆయ్ అండి. పిల్ల ఏనుగు కూడా నీలాగే నల్లగా ఉందా? ఆయ్. మీ అమ్మకి పని పోయిందా?

“ఆయ్,” అనేశాను.

అన్న తర్వాత తెలిసింది ఏమన్నానో. ఆవిడ చేట పక్కన పెట్టారు. ఇంక నాకు ఆగలేదు. ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తూ గడువు సంగతి, మాత్రల సంగతి అంతా కక్కేశాను. ఆవిడ ఓదార్చలేదు, అదీ ఆవిడ తీరు. కళ్లు తుడుచుకోమని కొంగు కూడా ఇవ్వలేదు.

“ఈ వీధిలో ఏ గడపకి వెళ్లినా కువైట్‌లో ఒక మనిషుందే. అంతమందుండి మీ అమ్మ ఒక్కర్తీ ఎలా అయిపోయింది? వాళ్లు అడుగుతూనే ఉన్నారు, నువ్వు ఆయ్ అని తలుపేసేస్తున్నావు,” అన్నారు. రేపు చర్చిలో ఎవరు పలకరించినా ఆ మాట అనొద్దనీ, ఉన్నదున్నట్టు చెప్పమనీ, అమ్మకి కోపమొస్తే తన పేరు చెప్పమనీ అన్నారు. మీరే చెప్పండి టీచరమ్మగారూ అని బతిమాలాను. నేను చెబితే ఊసుపోక కబురవుతుంది, నువ్వు చెబితే వింటారు అన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర మొదట పలకరించినావిడ, “అమ్మ బావుందామ్మా?” అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే రెండడుగులు ముందుకెళ్లిపోయింది. జవాబు ఏమిటో ఆవిడకి తెలుసు కదా! “లేదండి,” అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగింది. పని పోయిందని, ఎవరైనా ఇల్లు చూపిస్తే బాగుండునని చెప్పాను. అయ్యో ప్రార్థన చేస్తానమ్మా అని వెళ్లిపోయింది. రెండో ఆవిడ, అనుకున్నాలే అని మూడో ఆవిడకి చెప్పడానికి పోయింది. నాయనమ్మకి వినబడి నా జబ్బ మీద రక్తం గడ్డకట్టేలా గిల్లింది. భూమి చీలితే బాగుండుననిపించింది. చూస్తే టీచరమ్మగారు కాస్త దూరంలో నిలబడి, తన గొడుక్కి ఎన్ని ఊచలున్నాయో లెక్కపెడుతున్నట్టుగా ఉన్నారు.

ఇక మిగిలింది పక్కింటి అక్క. వీధి కుళాయి దగ్గర బిందె వరస గురించి మా అమ్మకీ ఆవిడకీ పెద్ద రభస జరిగి మాటల్లేవు. ఆవిడ నన్ను పలకరించదు. కానీ ఆవిడ చెల్లెలు ఎనిమిదేళ్లుగా కువైట్‌లో వంట చేస్తోంది. నేనే వెనకాల పరిగెత్తి కొంగు పట్టుకున్నాను. చెప్పడం అయ్యేదాకా ఆవిడ నా వైపు కూడా చూడలేదు. తర్వాత, “వంటొచ్చా దానికి? చంటిపిల్లల్ని చూస్తుందా? అరబ్బీ ఎన్ని ముక్కలు నేర్చింది? ఆ ఇంటి ఫోను నంబరుందా?” అని వరసగా అడిగింది. జాలి మాట ఒక్కటి లేదు. ఆ రోజు నన్ను మనిషిగా చూసింది ఆవిడొక్కర్తే అనిపించింది. శుక్రవారం చెల్లెలు ఫోన్ చేస్తే చెప్తానంది.

సాయంత్రానికి సంగతి నాన్నదాకా వచ్చింది. నన్ను తిట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుని, నొప్పిగా ఉందే అన్నాడు. అన్నాళ్లలో ఆయన చెప్పిన మొదటి నిజం అది.

ఆ శుక్రవారం చెల్లెలు అమ్మతో మాట్లాడిందన్నారు గానీ ఖాళీ లేదన్నారు. పై శుక్రవారం కూడా లేదన్నారు. చెల్లెలు తన చర్చిలో వాళ్లకి చెప్పింది, వాళ్లు ఇంకెవరికో చెప్పారు. నాకు అన్నం సయించేది కాదు. అమ్మ పరువు తీశాను, పనీ రాలేదు, రెంటికీ చెడ్డానని కుమిలిపోయాను. అమ్మ ఆ కబురు చెప్పాక నాలుగో శుక్రవారం, గడువింకా రెండు రోజులే ఉందనగా, ఫోనొచ్చింది. అమ్మకి ఇల్లు దొరికింది. రాజోలు వైపు నుంచి వెళ్లిన ఎవరో ఒకావిడ తన యజమానురాలి వంటింట్లో మాట వేసిందట. ఆవిడకి మా అమ్మెవరో తెలీదు, మా అమ్మకి ఆవిడ పేరు కూడా తెలీదు. అమ్మ ముందు నన్ను నానా తిట్లూ తిట్టి, తర్వాత ఏడ్చి, పక్కింటావిడ బాగుందా అని అడిగింది.

అమ్మ అక్కడ పదకొండేళ్లు చేసింది. నాన్న అన్నాళ్లు బతకలేదు, కానీ పోయింది మందుల్లేక కాదు. ఆ రాజోలు ఆవిడకి ఒక్క దండం పెట్టుకుందామని అమ్మ పోయేదాకా వెతికింది. దొరకలేదు.

నేనూ తర్వాత మస్కట్‌లో ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చాను. ఇప్పుడు నాకు మనవలున్నారు. కానీ ఎవరైనా బాగున్నామండి అంటే ఆ మాట పట్టుకుని వెళ్లిపోవడం ఈనాటికీ నాకు చేతకాదు. కాసేపు అక్కడే నిలబడతాను. చాలామందికి నిజంగా బాగానే ఉంటుంది. ఈ ముసల్ది కదలదేంటా అని విసుక్కుంటారు. విసుక్కోనీయండి. పదిమందిలో ఒకళ్ల కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. అలా తిరిగాక ఇంక నేనక్కణ్ణించి కదలను.