పెండ్లి జీపు కూత

రేగుంటలోని మా పాత రైతుల ఇళ్ల నుంచి ఆడపిల్ల సిరోంచకు కోడలిగా వస్తోందంటే, ఆ పిల్లను తెచ్చేది మా జీపే. తాత కొన్న జీపు అది. భూములు పోయాయి. ఇంటి ముందు సగంలో ఎరువుల దుకాణం నడుస్తోంది, వెనక సగంలో మేమున్నాం. అయినా పెళ్లి కుదరగానే పిల్ల తండ్రి వచ్చి జీపు అడుగుతాడు. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని సరేనంటాను. ఈ ఊరు మా ఇంటిని ఇంకా అడుగుతున్నది అదొక్కటే.

ఆ మాఘంలో వచ్చిన పిల్ల తండ్రి మాత్రం అడగడానికి వచ్చినట్టు లేడు. తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"దొరా, పెండ్లికి సన్నాయి మేం వేరే మాట్లాడుకున్నం. మీ జీపు సన్నాయి సుత వస్తదా?"

"ఏం సన్నాయి?"

"ఊరి పొలిమేర్ల ఉండంగనే ఇనవడ్తున్నది గద! జీపు కూత ఇని మా ముసలోళ్లు దొరొస్తున్నడని లేసి కూసుంటున్నరు. మా అల్లుని దోస్తు కారు ఇస్తనన్నడు. ఏసీ ఉన్నదట. మీకు పరేషాన్ ఎందుకని..."

దీపావళి నుంచి జీపు కూస్తున్న మాట నిజమే. గేరు లివరు కింది నుంచి సన్నగా మొదలయ్యేది, వేగం పెరిగేకొద్దీ ఊ... అని గొంతు పెంచేది. పాత బండి, వయసుకు తగ్గ మూలుగు అనుకుని ఊరుకున్నాను. కానీ మా జీపుండగా మా రైతుబిడ్డ ఎవరిదో కారులో రావడమా?

"జీపే వస్తది" అన్నాను. "సప్పుడు లేకుండ వస్తది."

ఆయన వెళ్లాక మా ఆవిడ తలుపు చాటు నుంచి ఇవతలికి వచ్చింది. "వచ్చే వారమే లగ్గం. సప్పుడు లేకుండ వస్తదని మాటిచ్చిండ్రు. ఇంజను బంద్ జేసి తోసుకుంట తీస్కపోతరా?"

"మిస్త్రీకి చూపిస్తా."

"జర ఆ నూనె కారేది సుత చూపియ్యుండ్రి. రోజూ నా ముగ్గు మీద నల్లటి మచ్చ. కడగలేక సస్తున్న."

మిస్త్రీ షెడ్డు అహేరి రోడ్డులో ఉంది. నా ఈడువాడు, నోరు పెద్దది. బానెట్టు కూడా ఎత్తకుండానే తీర్పు చెప్పేశాడు.

"గేర్‌బాక్సు పోయింది దొరా. దించాలె. చంద్రపూర్ పంపుత. పదిహేను రోజులల్ల కొత్తదానసొంటిది జేసి..."

"పదిహేను రోజులా? లగ్గం వచ్చే వారం."

"అయితే పెండ్లికూతురుని బస్సుల తోల్కరాండ్రి."

నేను కదల్లేదు. "దించేముందు ఏ మూల నుంచి కూస్తుందో చూపించు. చూపిస్తే దింపుకో."

అతను తల గోక్కున్నాడు. నన్ను కాదనలేకపోయాడో, పందెం రుచించిందో తెలియదు. జీపును నిలబెట్టే ఇంజను వేయించాడు. గేరు న్యూట్రల్లో ఉంది. క్లచ్చు తొక్కమన్నాడు, వదలమన్నాడు. కూత లేదు.

"నిలవడ్డప్పుడు కూస్తలేదు. అయితే గేర్‌బాక్సు ముంగటి బేరింగు కాదు. ఇగ నడుపుకుంట ఇనాలె. ఒకరు నడపాలె, ఒకరు ఇనాలె."

"నేను నడుపుతా. నువ్విను."

"నాకు ఇనవడది దొరా. ఇన్నేండ్లు సుత్తె కొట్టి కొట్టి సన్న సప్పుళ్లు పోయినయి. ధన్ ధన్ అంటే ఇంట, ఊ అంటే ఇనవడది. మీరే ఎనక పండుకొని చెవి పెట్టాలె."

మా జీపు స్టీరింగును మా ఇంటివాళ్లు, ఇంటి డ్రైవరు తప్ప వేరేవాళ్లు ముట్టింది లేదు. ఆ డ్రైవరు కూడా పోయిన వేసవిలోనే మంచిర్యాలలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి నేనే నడుపుకుంటున్నాను. తాత ఉంటే ఏమనేవాడో. కానీ ఇచ్చిన మాట కూడా తాత ఇంటి మాటే కదా అనుకుని తాళంచెవి మిస్త్రీ చేతిలో పెట్టాను. పంచె దోపుకుని వెనక ఎక్కాను. ఎక్కి, ఇనుప రేకు మీద బోర్లా పడుకున్నాను.

సిరోంచ బజారు మీదుగానే పోనిచ్చాడు ఆ మహానుభావుడు. రేకుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, వేలెత్తి గేరు గేరుకూ అతనికి సైగ చేస్తున్నాను. బట్టల దుకాణం ముందు ఎవరో కేకేశారు.

"అయ్యో, దొరకేమైంది? దవాఖానకా?"

"దొర పాణం బాగనే ఉన్నది! జీపుకే బాగలేదు!" మిస్త్రీ బజారంతా వినపడేలా అరిచాడు.

"మరి పండుకున్నడేంది?"

"జీపు నాడి పట్టిండు!"

బజారంతా నవ్వింది. నేను లేవలేదు. లేస్తే మళ్లీ మొదటి నుంచి వినాలి.

ఊరు దాటాక తేడా తెలిసింది. రెండులో కూసింది, మూడులో కూసింది. నాలుగో గేరు వేసినప్పుడు మిస్త్రీ వెనక్కి తిరిగి, "ఇప్పుడు?" అన్నాడు. నాలుగులో గేర్‌బాక్సులోని పళ్లచక్రాల మీద బరువు ఉండదట, ఇంజను తిప్పిందే నేరుగా వెనక్కి పోతుందట. కూత గేర్‌బాక్సుదైతే అక్కడ తగ్గాలి. తగ్గలేదు.

"న్యూట్రల్ జేసి వదిలేస్తున్న. ఇనుండ్రి!"

ఇంజను గొంతు పడిపోయింది. జీపు తన ఊపుతో తాను దొర్లుతోంది. కూత మాత్రం అలాగే ఉంది, జీపుతో పాటే నెమ్మదిస్తూ.

"గేర్‌బాక్సు కాదు!" నేను లేచి కూర్చుని అరిచాను. "దాని వెనక!"

గేర్‌బాక్సును అంటుకుని వెనక ఇంకో డబ్బా ఉంటుంది. బురదలో పడ్డప్పుడు ముందు చక్రాలను కూడా తిప్పేది అదే. మిస్త్రీ జీపును రోడ్డు పక్కన ఆపి కిందికి దూరాడు. గేర్‌బాక్సు మీద చెయ్యి పెట్టాడు, గోరువెచ్చన. రెండో డబ్బా మీద పెట్టి, "అమ్మో!" అని వెనక్కి తీశాడు.

"కాలిపోతున్నది! ఎనక నూనె ఆపే రబ్బరు సీలుకాడ నుంచి కారింది. దుమ్ము పట్టి అట్టుగట్టింది."

నాకు ముగ్గు మీది నల్లమచ్చ గుర్తొచ్చింది.

డబ్బా పక్కనుండే బోల్టు విప్పాడు. నూనె సరిగా ఉంటే ఆ రంధ్రంలో వేలు పెట్టగానే తగలాలి. అతను వేలు పెట్టాడు, వంచాడు, తీసి నాకు చూపించాడు. వేలు పొడిగా ఉంది.

"నూనె లేక ఒర్లుతున్నది దొరా, పాపం! కని ఎందుకు కారింది? సీలు నేనే ఏసిన, దసరాకు."

జీపులో గేరు లివరు పక్కన, నేల మీద ఒక చిన్న రేకు మూత ఉంటుంది. కింది నుంచి పైకొచ్చి దాన్ని తీసి లోపలికి చూసి, అతను చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఈడ మీరు దేవున్ని బెట్టిండ్రు గద. గందుకే నేను దీన్ని ముట్ట."

"ఏం దేవుడు?"

"బొట్టు ఉన్నది సూడుండ్రి. దసరాకు సర్వీసు జేసినప్పుడు సుత సూసిన. దండం బెట్టుకొని మూత ఏసిన."

వంగి చూశాను. తేనెమైనం ముద్ద, దాని మీద ఎండిన కుంకుమ. నేను పెట్టిందే.

తాత కాలంలో రేగుంట దారిలో వాగులకు వంతెనలు లేవు. వానాకాలం జీపు నీళ్లలోంచే దాటాలి. డబ్బా లోపలి వేడిగాలి పోవడానికి పైన సన్నని రంధ్రం ఉంటుంది, బ్రీదర్ అంటారు. దాంట్లోకి నీళ్లు పోకుండా, అడవి ఊళ్ల నుంచి తెచ్చిన తేనెమైనంతో తాత మూసేవాడు. అది మా ఇంట్లో ఒక ఆచారమైంది. మృగశిర కార్తె రాగానే ఇంటి పెద్ద తన చేత్తో మైనం పెట్టి, బొట్టు పెట్టి, అప్పుడు జీపు బయటికి తీస్తాడు. ఇప్పుడు వాగులన్నిటి మీదా వంతెనలే. చక్రం కూడా తడవదు. అయినా ఈ ఏటి కార్తెకూ పెట్టాను. మానెయ్యడానికి నేనెవరిని?

కానీ ఇన్నేళ్లూ దాన్ని తీసింది ఎవరు? అక్కడే రోడ్డు మీద నిలబడి మంచిర్యాలకు ఫోను చేశాను.

"నేనే దొరా" అన్నాడు మా పాత డ్రైవరు. "మొదటి బ్రిడ్జి దాటంగనే తీసేటోన్ని. తాత దొర సుత గట్లనే, వాగు దాటినంక అవతలి ఒడ్డుకు తీపిచ్చేటోడు. పెట్టుడు మీ పని, తీసుడు నా పని."

"నాకెప్పుడన్న చెప్పినవా?"

"మీరు అడిగితిరా? మీరు ముంగటి సీట్ల కూసుంటే పక్కకు సూడరాయె!"

ఫోను పెద్దగా వినబడుతోంది. మిస్త్రీ నవ్వు ఆపుకోలేక రోడ్డు పక్క గడ్డిలో కూర్చున్నాడు. నాకూ వచ్చింది నవ్వు. మూసిన డబ్బాలో గాలి వేడెక్కి, పోయే దారి లేక, సీలును తోసుకుంటూ నూనెను బయటికి పంపింది. మేమేమో ఒకరు బొట్టు పెట్టి, ఒకరు దండం పెట్టి, దాన్ని భద్రంగా కాపాడాం.

"తీయ్" అన్నాను.

"నేను ముట్ట. దేవుడు మీ ఇంటోడు, మీరే తియ్యుండ్రి."

గోటితో పెకలించాను. ఫుస్స్... మని పొడుగ్గా గాలి వచ్చింది. జీపు నిట్టూర్చినట్టే అనిపించింది.

మిస్త్రీ వెంట ఉన్న నూనె పోశాక కూత అక్కడికక్కడే సగానికి తగ్గింది. అహేరి నుంచి బస్సులో కొత్త సీలు తెప్పించి వేశాక, పాత నూనె తీసి కొత్తది నింపాక, మిగతా సగం కూడా పోయింది. బేరింగులు బతికే ఉన్నాయని మిస్త్రీ ఒట్టు పెట్టి చెప్పాడు. ముగ్గు మూడు రోజులు తెల్లగా ఉన్నాక మా ఆవిడ కూడా ఒప్పుకుంది.

లగ్గం పొద్దున రేగుంట వెళ్లి పిల్లను ఎక్కించుకున్నాను. దారిలో ఆమె తండ్రి వెనక నుంచి వంగి, లివరు దగ్గర చెవి పెట్టి విని, తువ్వాలు సర్దుకున్నాడు. ఏసీ కారు ఆడపడుచులతో మా వెనకాలే వచ్చింది. వెనకాలే.

సిరోంచలో పెళ్లికొడుకు వాకిట్లోకి జీపు వచ్చి ఆగింది. ఎదుర్కోలుకు ఒక్కరూ లేరు. డప్పులవాళ్లు ఇంకా మంట మీద డప్పులు కాపుకుంటున్నారు. సన్నాయి ఆయన చేతిలో చాయ్ గ్లాసు. హారతి పళ్లెం అరుగు మీద ఒంటరిగా ఉంది. పెళ్లికొడుకు మేనమామ నోట్లో పళ్లపుల్లతో బయటికి వచ్చి మమ్మల్ని చూసి కొయ్యబారిపోయాడు.

"ఎప్పుడొచ్చిండ్రు దొరా? కూత ఇనవడంగనే లేద్దామని అందరం కూసున్నం!"

వెనక నుంచి పిల్ల తండ్రి పగలబడి నవ్వాడు. పెళ్లికూతురు కొంగు అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఊగుతున్నాయి.

ఎదుర్కోలు లేకుండా ఆ ఇంటి ముందు మా జీపులోంచి పెళ్లికూతురు దిగదు. నేను వీపు నిటారుగా పెట్టి, రివర్సు గేరు వేసి, వీధి మొగ దాకా వెనక్కి పోయాను. అక్కడి నుంచి హారను మీద చెయ్యి పెట్టి, తీయకుండా, మళ్లీ వచ్చాను. ఈసారి డప్పులు మోగాయి.