ఆముదం పూసిన కాళ్లు

పొద్దున తర్లుపాడు రోడ్డు మీద ఆటో పత్తిచేల పక్కగా వస్తుంటే పురుగుమందు వాసన గుప్పుమంది. ఇప్పుడు మందు డ్రోన్లు కొడుతున్నాయి, మనిషి గట్టు మీదే నిలబడుతున్నాడు, కానీ ఆ వాసన మాత్రం మారలేదు. ఈ వయసులో కూడా అది తగిలితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను.

మా చిన్నతనంలో ఆ మందును మనిషి డబ్బా వీపున మోసుకుని కొట్టవలసిందే. వానలు వెనకబట్టి, పత్తి పూతకొచ్చి, పొద్దున్నే చలి కొరికే రోజుల్లో నాయన మందు కొట్టడానికి బయలుదేరితే, ఆయన్ను కన్నతల్లి, మా అవ్వ, వసారాలో బండ మీద నిలబెట్టి మెడ నుంచి పాదాల దాకా ఆముదం పూసేది. పొగాకు జిగురు అంటకుండా చేతులకు నూనె రాసుకున్నట్టే, ఆముదం పూసుకుంటే మందు కూడా ఒంటికి అంటకుండా జారిపోతుందని మా ఊళ్లో అందరి నమ్మకం. ఆ ఆముదం కూడా ఆమె వండిందే: గింజలు వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దను నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసేది, ఇల్లంతా కమురు వాసన, పిల్లలం ముక్కులు మూసుకుని నవ్వుకునేవాళ్లం. పూసినంతసేపూ నాయన బుద్ధిగా నిలబడి, తర్వాత జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి మూటకట్టుకుని చేనికి పోయేవాడు.

ఆ కాళ్లకు ఇంకో పని కూడా ఉండేది. మా ఊరి చెక్కభజనకు నాయనే గురువు. శ్రీరామనవమి దగ్గరపడితే సాయంత్రాలు వీధిలో నీళ్లు చల్లి, గజ్జెలు కట్టి, చెక్కలు పట్టి ఆయన అడుగు వేస్తే, వెనక జట్టంతా అదే అడుగు వేసేది. పానకంలో మిరియాల ఘాటుకు దగ్గుతూ నేను ఆయన పాదాలనే చూస్తుండేదాన్ని. నాకు ఎంత గర్వంగా ఉండేదో.

ఒక ఏడు మందు కొడుతూ పడిపోయిన నాయనను మిట్టమధ్యాహ్నం చేలోంచి మంచం మీద మోసుకొచ్చారు. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, పిక్కల మీద చర్మం కింద కండలు వాటంతటవే అదురుతున్నాయి. అవ్వ ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పట్టబోయింది. ఆయన మింగలేకపోయాడు. మార్కాపురం ఆసుపత్రిలో సూది మీద సూది వేస్తే బతికాడు. ఇంటికొచ్చాక అమ్మ కోడిని కోసి మొక్కు తీర్చింది, పీడ పోయిందనుకున్నాం.

ఆ సంబరం నెల కూడా నిలవలేదు. పిక్కలు లాగుతున్నాయన్నాడు. తర్వాత నడుస్తుంటే చెప్పు జారిపోయేది, జారినట్టు ఆయనకు తెలిసేది కాదు. రానురాను పాదాలు పైకి లేవడం మానేశాయి. మళ్లీ ఆసుపత్రికి పోయాం. మందు నరాలను తినేసిందనీ, కదలమని చెప్పే నరం పోతే కండ ఉండీ లాభం లేదనీ డాక్టరు చెప్పాడు. ఒంటికి ఏం పూసుకున్నావని అడిగాడు. నాయన ఆముదం అన్నాడు. ఆ మందు నూనెలో కరుగుతుందనీ, నూనె దాన్ని ఆపకపోగా చర్మంలోకి ఇంకా ఇంకించి ఉంటుందనీ డాక్టరు అంటే, అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తిరిగొస్తూ నాయన అమ్మకూ నాకూ ఒకటే మాట చెప్పాడు.

"మా అమ్మకు ఈ సంగతి చెప్పబాకండి. తెలిస్తే బతకదు."

మేం చెప్పలేదు. దాంతో అవ్వ ప్రతి సాయంత్రం కొడుకు పాదాలు ఒళ్లో పెట్టుకుని ఆ ఆముదంతోనే మర్దన చేసేది.

"పూసేకొద్దీ నరం మెత్తబడతాది నాయనా. నవమికల్లా గజ్జె కడతావు" అనేది.

"అట్లనేలేమ్మా" అనేవాడాయన.

అమ్మ లేచి వంటింట్లోకి పోయేది. నాకు ఆ నూనె గిన్నెను చూస్తే కోపం వచ్చేది, ఎవరి మీదో తెలిసేది కాదు. ఎన్నో నవములు అట్లాగే గడిచాయి. కర్ర లేకుండా నాయన వీధి దాటింది లేదు.

ఇప్పుడు మా వైపు ఆముదం వేసేవాళ్లు తగ్గిపోయారు, వండేవాళ్లు అసలే లేరు. చెక్కభజన జట్టు చెదిరిపోయింది, నవమికి డీజే పెడుతున్నారు. మొన్న ఎండాకాలంలో అవ్వ కూడా పోయింది. ఈ పూట పుట్టింటికి రాగానే నాయన పాదాలు ఒత్తుదామని కూర్చుని, ఆ ఇంటి అలవాటు కొద్దీ అవ్వ చివరిసారి వండిన ఆముదం గిన్నె దగ్గరకు లాక్కున్నాను. నాయన రెండు చేతులతో కాలు ఎత్తి పక్కకు పెట్టుకున్నాడు.

"వద్దులేమ్మా. మీ అవ్వ పోయింది గదా, ఇంక ఎవరి కోసం?"