అనానిమస్ అర్జీ

యుద్ధం రోజుల్లో మిలిటరీ లారీలు జొన్నచేలను తొక్కేస్తున్నాయని అలియాబాదు రైతులు నా ప్రాణం తీశారు. బడిపంతులుని కాబట్టి, బొల్లారం దండులోని తెల్లదొరకు ఇంగ్లీషులో అర్జీ రాయాలట. ఎవరి పేరూ బయటపడకూడదట. సరేనని చివర 'అనానిమస్' అని రాసి, ఎవరు రాశారో తెలియదని దానర్థమని ముమ్మారు చెప్పాను. అందరూ తలలూపారు. ఊపి, దాని కిందే వరసగా వేలిముద్రలు వేశారు!

"నిశానీ లేకుంటే గది అర్జీ ఎట్లయితది, పంతులూ?" అని నన్నే నిలదీశారు.

తల బాదుకుని, చించేసి మళ్లీ రాశాను. ఈసారి కాగితాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అరుగు మీద కూర్చుని అంతా చూస్తున్న మా అవ్వ అప్పుడు నోరు విప్పింది.

"గీ చుట్టుపక్కల ఇంగిలీసు వచ్చినోనివి నువ్వొక్కనివే గద బిడ్డా! ఎవరు రాసిన్రో దొరకు ఎరుక కాదా?"