శాలువా కప్పారు, వకీలును పెట్టలేదు

ఉగ్రవాదాన్ని ఉక్కుపాదంతో అణిచేస్తామని పెద్ద నాయకుడు గర్జించినప్పుడు, ఏ కేసు ఏ కోర్టులో ఎందుకు ఆగిపోయిందో మీరు ఎన్నడైనా ఆరా తీశారా? నన్ను ఆ ఆరాకు నెట్టింది ఇబ్రహీంపట్నం స్కూల్లో లెక్కలు చెప్పే ఒకావిడ.

ఆమె భర్త పని మీద వేరే రాష్ట్రం వెళ్ళి, అక్కడి బస్టాండులో బాంబు పేలి చనిపోయాడు. నిందితులు దొరికారు. కేసు కేంద్రం చేతికి వెళ్ళింది. ప్రభుత్వం తరఫున వాదిస్తున్న వకీలు రాజీనామా చేశాక ఆ చోట ఇంకొకరిని వెయ్యలేదు. వాయిదా వాయిదాకూ ఆమె సెలవు పెట్టి రైలెక్కుతుంది. జడ్జిగారు వకీలు ఎవరూ రాలేదని రాసుకుని మరో తేదీ ఇస్తారు. ఒకసారి తోడు వెళ్ళి ఆ తంతు నేనూ చూశాను. సాక్షులు ముసలివాళ్ళవుతున్నారు, ఒకాయన పోయాడు కూడా. మిగిలినవాళ్ళు బతికుండగా విచారణ జరగాలి. ఆమె కోరేది అంతే. పంపిన అర్జీలన్నిటికీ అందినట్టు సమాధానం వచ్చింది తప్ప వకీలు రాలేదు.

ఎన్నికల ముందు ఢిల్లీలో అధికారం చేతిలో ఉన్న నాయకుడు విజయవాడ వచ్చాడు. గవర్నర్‌పేటలో ఒక హాల్లో చదువుకున్నవాళ్ళతో సమావేశం. ఉగ్రవాద బాధితురాలిగా సన్మానిస్తామని పార్టీవాళ్ళు ఆవిడ ఇంటికొచ్చి పిలిచారు. నన్నడిగితే వెళ్ళమన్నాను. వాళ్ళ మీద నమ్మకంతో కాదు. బాధితులను వేదిక ఎక్కించడానికి ఇంత ఆరాటపడేవాళ్ళు, సాక్షులను బోనెక్కించడానికి ఎందుకు ఆరాటపడరో దగ్గరగా చూద్దామని నేనూ వెళ్ళి కూర్చున్నాను.

మైకు పెట్టినాయన ఆ పేటలోనే కొట్టున్న ముస్లిం. మా హేతువాద చర్చాసభలకు, గుళ్ళో కల్యాణాలకు, అన్ని పార్టీలకు ఆయనే. మా వైపు శాలువా కప్పించుకున్న ప్రతివాళ్ళూ రెండు మాటలు మాట్లాడి తీరాలి. నాయకుడు ఆవిడకు శాలువా కప్పాడు, ఫొటోలు అయ్యాయి. మైకాయన చేతి అలవాటు కొద్దీ కార్డ్‌లెస్ మైకు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టేశాడు. ఇక్కడ బాధితులు మాట్లాడకూడదని ఆయనకెవరూ చెప్పలేదు మరి.

ఆవిడ గొంతు పెంచలేదు.

“మా ఆయన కేసు వాదించడానికి వకీలు లేడండీ. ఎప్పుడు వేస్తారు?”

పక్కనున్న అనువాదకుడు దాన్ని ధన్యవాదాలుగా మార్చి హిందీలో వినిపించాడు. కోర్టు చుట్టూ తిరిగి ఆవిడ కాస్త హిందీ నేర్చింది. అదే ప్రశ్న తానే హిందీలో అడిగింది. నాయకుడు చేతులు జోడించి, తలవంచి, కూర్చున్నాడు. వెనక నుంచి నినాదాలు మొదలయ్యాయి.

హాలు ఖాళీ కాకముందే పోలీసు అధికారులు మైకాయన్ని పక్కకు తీసుకెళ్ళారు. ఆధార్ కార్డు మీద పేరు చూసి మళ్ళీ మొదటి నుంచి అడిగారు. మైకు ఇమ్మని ఎవరు చెప్పారు?

“శాలువా కప్పాక మైకివ్వకపోతే ఎట్టాగండీ? అక్షింతలేయించుకుని భోజనం పెట్టకుండా పంపినట్టుంటది.”

వదిలేసేలోపు ఆయన అన్నదమ్ములెక్కడున్నారో, ఎవరితో ఫోన్లో మాట్లాడతాడో అన్నీ రాసుకున్నారు. మైకు ఇచ్చినాయన పుట్టుపూర్వోత్తరాలు ఒక్క పూటలో తవ్వగలిగిన ప్రభుత్వానికి, ఇన్నేళ్ళలో ఒక వకీలు దొరకలేదంటే నేను నమ్మాలా?

నా అనుమానం దాచుకోను. తీర్పు వచ్చేసిన కేసు సభల్లో పనికిరాదు. మానని గాయమైతే ప్రతి ఎన్నికకూ పనికొస్తుంది. ఇది తప్పని రుజువు చెయ్యడం నాయకుడికి చాలా తేలిక. ఒక్క నియామక ఉత్తర్వు చాలు. అదింకా రాలేదు.

ఇప్పుడు రెండో సాక్షి మంచం పట్టాడు. ఆవిడ మళ్ళీ సెలవు పెట్టింది. మీ ఊరికి ఓట్లడగడానికి ఆ నాయకుడు వచ్చినా, ఆయన మనుషులు వచ్చినా ఆపండి. వకీళ్ళు లేక నిలిచిపోయిన ఉగ్రవాద కేసులు ఎన్నో, ఎవరిని ఎప్పుడు వేస్తారో చెప్పమనండి. చెప్పేదాకా దారి వదలకండి.